తీగ దింపుడు

తీగకు ఇంటి పైకప్పు అడ్డం వస్తుందన్న సంగతి పదకొండేళ్ల పరిశోధనలో డాక్టర్ భ్రమరాంబకు ఒక్కసారి కూడా తట్టలేదు. తట్టకపోవడంలో వింతేమీ లేదు. విశాఖపట్నం శివార్లలో కొండవాలున ఉన్న ఆమె పరిశోధనాలయంలో అద్దాల గది ఎత్తు ముప్పై అడుగులు. గాజువాకలో ఒక మామూలు ఇంటి గది ఎత్తు తొమ్మిదిన్నర. బాగా చదువుకున్నవాళ్లు చేసే పొరపాట్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. లెక్కంతా సరిపోతుంది, ఇల్లు మాత్రం లెక్కలోకి రాదు.

ఆమె తయారు చేసిన తీగ మన ఇళ్లలో సీసాల్లో పెరిగే మనీప్లాంటుకు దగ్గర చుట్టం. ఆసరా దొరికితే రోజుకు రెండు వేళ్ల మేర పాకుతుంది. దాని గొప్పంతా ఆకు కొసలో ఉంది. తెల్లవారేసరికి కొన్ని మొక్కల ఆకు కొసన ఒక నీటిబొట్టు వేలాడడం చాలామంది చూసే ఉంటారు. మంచు అనుకుంటారు గాని అది మంచు కాదు. రాత్రంతా వేళ్లు తాగి పైకి తోసిన నీళ్లలో మిగిలిన చుక్క అది. ఆ చుక్కలోకి మందు దిగేలా భ్రమరాంబ తీగ పుట్టుకనే మార్చింది. పొద్దున్నే ఆ చుక్కలను చెంచాలో పట్టి నాలుక కింద వేసుకుంటే ఆ రోజుకు గండం గడుస్తుంది. అరగంట దాటితే మందు చచ్చిపోతుంది కాబట్టి తీగ రోగి ఇంట్లోనే ఉండాలి. రోగి రక్తాన్ని బట్టి తీగను తయారు చేస్తారు కాబట్టి ఒకరి తీగ ఇంకొకరికి పనికిరాదు. ఆరుబయట పెట్టకూడదన్నది అనుమతి పత్రంలో మొదటి షరతు. బయటపడితే ఊరినే అల్లేస్తుందని అధికారుల భయం, ఆ భయంలో అబద్ధమూ లేదు.

మందు ఇచ్చేది కొసన ఉన్న మూడు పెద్ద ఆకులే. అదీ తీగ పైకి ఎక్కుతున్నంతకాలమే. ఎక్కడానికి చోటు లేక కొస కిందికి వాలిందంటే రెండు రోజుల్లో కొత్త ఆకులు చిన్నవైపోతాయి, చుక్కలో ఉత్త నీళ్లు మిగులుతాయి. ఈ సంగతి తెలిసిన తీరు మాత్రం భ్రమరాంబ ఎవరికీ చెప్పుకోలేదు. మొట్టమొదట తీగ ఇచ్చిన ఇల్లు ఒక మాస్టారిది. అది కప్పును తాకి, కిటికీ మీదుగా తోరణంలా దిగింది. ఎంత అందంగా ఉందో చూడమని ఇంట్లోవాళ్లు ఫోటో పంపితే ఆమె కూడా మురిసిపోయి జవాబు రాసింది. నాలుగో రోజున మాస్టారు పోయారు. ఆ తరవాత నుంచి ఇంటికి రెండేసి తీగలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఒకటి కప్పు దగ్గరికి చేరితే దాన్ని మొదలుకంటా నరికేస్తారు. అది మళ్లీ చిగిర్చి మందు పట్టడానికి యాభై రోజులు పడుతుంది, అంతవరకు రెండోది ఆదుకుంటుంది. నియమం బాగానే పనిచేసింది. ఇరవై రెండు ఇళ్లలో ఇరవై రెండు ప్రాణాలు నిలబడ్డాయి.

ఆ ఇరవై రెండిట్లో ఆమెకు వెళ్లడం ఇష్టమైన ఇల్లు గాజువాకలో నూకరాజుది. నిజానికి ఇల్లు అతని కొడుకు అప్పారావుది. ఓడరేవులో క్రేను నడుపుతాడు, వారానికో షిఫ్టు. జబ్బు కోడలు లోవలక్ష్మిది. ఇరవై ఏడేళ్లుంటాయి, వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టిన పిల్ల. నరం చెప్పిన మాట కండరానికి వినపడకపోవడం ఆ జబ్బు. ముందు రెప్పలు వాలతాయి, తరవాత మాట ముక్కులోంచి వస్తుంది, ఆఖరికి ఊపిరి తీసుకునే కండరాలు పని మానేస్తాయి. తీగ రాకముందు లోవలక్ష్మి ఆసుపత్రిలో ఊపిరి మిషన్ మీద నలభై రోజులు ఉంది. ఇంకోసారి ఎక్కిస్తే దించగలమని చెప్పలేమని అక్కడి డాక్టర్లు మొహమాటం లేకుండా చెప్పేశారు.

ఇక నూకరాజు. పాయకరావుపేట దగ్గర నలభై ఏళ్లు తమలపాకు తోట వేసినవాడు. తుపానుకు, తమలపాకు తీగలు పాకే అవిశచెట్లన్నీ ఒక్క రాత్రిలో కూలిపోతే, చేసేదేమీ లేక కొడుకు దగ్గరికి వచ్చాడు. రెండో అంతస్తులో రైతుకి ఏం పని ఉంటుంది? నెల రోజులు బాల్కనీలో కూర్చుని కింద పోయే బస్సుల్ని చూశాడు. తరవాత ఇంట్లోకి ఈ తీగలు వచ్చాయి. వాటిని చూసుకొమ్మని అతనికి ఎవరూ చెప్పలేదు, వద్దని చెప్పే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది. పొద్దున్నే స్నానం చేసిగాని తీగను ముట్టడు. ఆ గదిలోకి చెప్పులతో పోనివ్వడు. ఆకుతోటలో అదే పద్ధతి. కొబ్బరిపీచు చుట్టిన కర్రను రోజూ తడుపుతాడు. ఆకుల దుమ్మును తడిగుడ్డతో, కింద అరచెయ్యి ఆన్చి తుడుస్తాడు. ఎండ నేరుగా పడకుండా కిటికీకి పాత పంచె కట్టాడు. ఏ ఆకు ఏ రోజు విచ్చుకుంటుందో ముందే చెప్పేవాడు. భ్రమరాంబ సహాయకులు కొలతలు వేసి చెప్పేది కూడా అదే, కాకపోతే వాళ్లకు ఒక రోజు ఆలస్యం అయ్యేది.

తాను వైద్యం చదివిన డాక్టరును కాదని, మొక్కల డాక్టరునని మొదట్లో ఆమె చెప్పి చూసింది. నూకరాజు శ్రద్ధగా విని, అలాగేనండి డాట్రమ్మగారూ అన్నాడు. ఇక ఆమె ఆ ప్రయత్నం మానుకుంది.

అలాంటి ఇంట్లో శ్రావణ మాసం మొదట్లో ఒక రోజు ఆమె అడుగుపెట్టేసరికి నూకరాజు గుమ్మంలో లేడు. గదిలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. పెద్ద తీగ నిగనిగలాడుతూ ఉంది, దాని కొసకూ కప్పుకూ మధ్య మూరెడు జాగా. చిన్న తీగ, అంటే ఆరు వారాల కిందట నరికి చిగిర్పిస్తున్న రెండోది, తొట్టెలో నల్లబడి ఉంది. ఆమె వేలుతో పట్టుకోగానే ఊడి చేతిలోకి వచ్చింది. వేళ్లు మెత్తగా కుళ్లిపోయాయి. తొట్టెను వంచి చూస్తే అడుగున నీళ్లు పోయే కన్నంలో ఎర్రమట్టి ముద్ద గట్టిగా దట్టించి ఉంది.

ఎవరు పెట్టారని ఆమె అడగలేదు. గట్టు కంతలోంచి నీరు పోతుంటే రైతు చెయ్యి ఊరుకోదు, మట్టి తీసి కొడుతుంది. ఆకుతోట నేల ఏ రోజూ ఆరకూడదు. నలభై ఏళ్లుగా అతను చేసిన పని అదే, ఇక్కడ రెండు తొట్టెలకూ అదే చేశాడు. పెద్ద తీగ ఆ నీళ్లన్నీ తాగేసింది, ఇంకా సరిగ్గా ఆకు పట్టని చిన్నది తాగలేకపోయింది. ఇంట్లో అందరికీ కాగితం మీద రాసిచ్చిన వివరం ఉంది: పైమట్టి వేలి రెండు కణుపుల లోతున ఆరాకే, అదీ గీతల గ్లాసుతో ఒక్క గ్లాసే నీళ్లు పొయ్యాలి. నూకరాజుకు చదువు రాదని భ్రమరాంబకు అప్పుడు గుర్తొచ్చింది.

కోపం వచ్చిన మాట నిజమే. గట్టిగానే నాలుగు మాటలు అంది. పన్నెండు రోజుల్లో పెద్ద తీగ కప్పును తాకుతుందని, నరికితే యాభై రోజులు మందు ఉండదని, నరక్కపోతే కొస వాలిపోయి ఎలాగూ ఉండదని, కొత్త తీగ పరిశోధనాలయంలో ఈ రోజే మొదలుపెట్టినా అంతకంటే ఆలస్యమేనని వివరించింది. నూకరాజు తల ఎత్తలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అతనికి పట్టుకోవడానికి ఆకు కూడా మిగల్లేదు. అన్నీ విన్నాక నెమ్మదిగా ఒక మాట అన్నాడు.

“నరకడం ఎందుకండి? దించీవచ్చు గదా.”

ఆమెకు అర్థం కాలేదు. అతను చెప్పుకొచ్చాడు. ఆకుతోటలో తీగ అవిశ తల దాకా పాకాక ఎవరూ నరకరట. కట్లు విప్పి మొత్తం తీగను కిందికి దించి, ఆకు కోసేసిన మొదలు భాగాన్ని మట్టిలో చుట్ట చుట్టి పూడ్చి, కొసను మళ్లీ మోకాలి ఎత్తున చెట్టుకు కడతారట. తీగకు తాను కిందికి వచ్చానని తెలియదట, మళ్లీ ఎక్కుతూనే ఉంటుందట. పూడ్చిన కణుపులకు కొత్త వేళ్లు వచ్చి బలం ఇంకా పెరుగుతుందట. ఒక్క తీగను పదిసార్లు దించిన తోటలు ఉన్నాయట.

భ్రమరాంబ దారిపొడుగునా ఆ మాటే ఆలోచించింది. ఇంత చిన్న ఉపాయం తనకు తోచలేదన్న సిగ్గు ఒక పక్క, ఇది తమలపాకు కాదన్న భయం ఒక పక్క. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి అద్దాల గదిలో, రోగి ఎవరూ లేని పరీక్ష తీగను ఇద్దరు సహాయకుల చేత దింపించి చూసింది. మూడో కణుపు దగ్గర తీగ టప్పున విరిగింది. ఇంకోదాన్ని ఇంకా నెమ్మదిగా దింపించింది. అదీ విరిగింది. మూడోదాన్ని తానే పట్టుకుంది. అది రెండు చోట్ల విరిగింది.

ఆ మధ్యాహ్నమే గాజువాక వెళ్లి, కుదరదని చెప్పింది. విరిగిన ముక్కను నూకరాజు చేతిలో తిప్పి చూశాడు. ఏ పూట దించారని అడిగాడు. పొద్దున్నే అంటే నిట్టూర్చాడు.

“పొద్దుట తీగ నీళ్లతో బిర్రబిగిసి ఉంటాదండి. ముట్టుకుంటే ఇరుగుద్ది. రెండ్రోజులు నీళ్లు ఆపీసి, మజ్జాన్నం ఎండ మీద, అది సోలిపోయినప్పుడు దించాల.”

కణాల్లో నీటి ఒత్తిడి గురించి ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి భ్రమరాంబ. దాని మీద పరీక్ష పేపర్లు దిద్దింది. మొక్క ఉదయం బిగుతుగా, మధ్యాహ్నం వదులుగా ఉంటుందని ఆమెకు తెలుసు, కాని ఆమె చేతికి తెలియదు. ఆ క్షణం నూకరాజు మీద కోపమంతా పోయి, పెద్ద గురువు ముందు కూర్చున్నట్టు అనిపించింది. మర్నాడు అతన్ని కారులో అద్దాల గదికి తీసుకెళ్లింది. రెండు రోజులు నీళ్లు ఆపించి, మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి అతని చేత ఒక తీగను దింపించింది. పదడుగుల తీగ, ఒక్క కణుపు చిట్లలేదు. సహాయకులు కొలతల పుస్తకాలు మూసి పక్కన పెట్టి మరీ చూశారు.

అయితే దింపాక ఆ తీగ మందు ఇస్తుందో లేదో తేల్చుకోవాలంటే వారాలు పడుతుంది. పరిశోధన కమిటీకి రాసి అనుమతి తెచ్చుకోవాలంటే ఇంకో నెల. లోవలక్ష్మి తీగకు ఉన్నవి ఏడు రోజులు. కమిటీకి పంపవలసిన ఉత్తరంలో బాధ్యత అంతా తనదేనని రాసి సంతకం పెట్టి, భ్రమరాంబ లోవలక్ష్మిని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. దించితే ఆగిపోవచ్చు, విరిగిపోవచ్చు, అప్పుడు ఆసుపత్రి తప్ప దారి లేదు. దించకపోయినా చివరికి అదే దారి.

లోవలక్ష్మి వంటింటి వైపు చూసింది. మామగారు అక్కడే ఉన్నాడు, వినపడేంత దూరంలో.

“ఆ మిషన్ మీద మళ్లీ పడుకుంటే నేను లేవనని నాకు తెలుసండి. మావయ్య సేతి మీదైతే ఒప్పుకుంటాను” అంది.

ఒక తీగను చంపిన చేతి గురించి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో భ్రమరాంబకు తెలుసు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నీళ్లు ఆపిన రెండో రోజుకే చుక్కలు సగానికి తగ్గాయి. సాయంత్రమయ్యేసరికి లోవలక్ష్మి ఎడమ రెప్ప కొద్దిగా వాలింది. మూడో రోజు మధ్యాహ్నం నూకరాజు తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని గదిలోకి వచ్చాడు. ఆకులు మెత్తబడి కిందికి చూస్తున్నాయి. అతను పైనుంచి కిందికి ఒక్కొక్క కట్టూ విప్పాడు. పీచుకు కరుచుకున్న గాలివేళ్లను లాగలేదు, తడి వేలుతో ఒక్కొక్కదాన్నీ నానబెట్టి, గోటితో విడదీశాడు. దానికే గంటన్నర పట్టింది. తీగ మొత్తం వదులయ్యాక చంటిపిల్లను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని, కొంచెం కొంచెంగా మోకాళ్ల మీదికి వంగాడు. కింది ఆకులు కోసేసి, బోడి కాడను వెడల్పాటి తొట్టెలో మూడు చుట్లు చుట్టి మట్టి కప్పాడు. కొసను మోకాలి ఎత్తున కొత్త కర్రకు, తుని నుంచి తమ్ముడి చేత బస్సులో తెప్పించుకున్న జమ్ముగడ్డి పోచలతో కట్టాడు. పని అయ్యాక అప్పారావు అతన్ని పట్టుకుని లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. అంత నేర్పును కళ్లారా చూడడం తన అదృష్టమని భ్రమరాంబ అనుకుంది. తన పదకొండేళ్ల పనికి ఇన్నాళ్లకు ఇంటి కొలత దొరికిందనీ అనుకుంది.

మర్నాడు తెల్లవారుజామున చుక్క లేదు.

ఆ రోజంతా లోవలక్ష్మి మంచం మీదే ఉంది. అన్నం మింగడానికి ముద్దకు రెండు నిమిషాలు పట్టింది. సాయంత్రానికి మాట ముక్కులోంచి రావడం మొదలైంది. రెండో తెల్లవారుజామునా చుక్క లేదు. ఆకులు ఎండలేదు, వాడిపోలేదు, కొస నిటారుగానే ఉంది. చుక్క మాత్రం లేదు. మర్నాటి పొద్దుటికీ ఇలాగే ఉంటే ఎనిమిదింటికి అంబులెన్సు రావాలని అప్పారావు ఫోను చేసి, ఆసుపత్రి సంచీలో తువ్వాళ్లు సర్దడం మొదలుపెట్టాడు. సర్దినవే తీసి మళ్లీ సర్దుతున్నాడు.

భ్రమరాంబ తొట్టె పక్కనే నేల మీద కూర్చుని తన కాగితాలన్నీ తిరగేసింది. వెలుతురు సరిపోయింది. గాలిలో తేమ సరిపోయింది. కొస పైకే ఉంది. పక్కనే గోడకు ఒక చిన్న గాజుగ్లాసు ఆనించి ఉంది. మందుల షాపులో ఇచ్చే లాంటి గీతల గ్లాసు. మట్టిలో వేలు పెట్టి చూసింది. పొడిగా ఉంది. దించిన తరవాత ఎన్ని నీళ్లు పోశారని నూకరాజును అడిగింది. కాగితంలో ఉన్నట్టే పోశానన్నాడు. కోడలి చేత చదివించుకుని, గీత దాటకుండా, ఒక్క గ్లాసు.

“మీ తోటలో తీగ దించిన రోజు ఏం చేస్తారు?” అని అడిగింది భ్రమరాంబ.

అతను తొట్టె వైపు చూశాడు. “నీళ్లు కడతామండి. మడి మడంతా. ఆ రోజే కడతాం.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నా సెయ్యి మంచిది కాదండి, డాట్రమ్మగారూ. నీళ్లు పోసే గదా ఒకదాన్ని సంపీసేను.”

ఆ గదిలో నీళ్ల సంగతి తెలిసినవాడు అతనొక్కడే, ఆ నీళ్లంటే భయపడిపోయినవాడూ అతనే. చుక్క ఎందుకు లేదో ఇప్పుడు ఆమెకు తెలిసింది. వేరు తాగి పైకి తోస్తేనే కొసన చుక్క నిలుస్తుంది, తాగడానికి నీళ్లే లేవు. మీరు మీ తోటలో పోసినట్టే పొయ్యండని ఆమె చెప్పింది. అతను లేవలేదు. మీరే పొయ్యండని ఆమెను బతిమాలాడు. పూడ్చిన కాడకు ఎంత కావాలో, ఎంతైతే కుళ్లుతుందో ఆమెకు నిజంగా తెలియదు. ఆ మాటే పైకి చెప్పేసింది.

అప్పుడు మంచం చప్పుడైంది. లోవలక్ష్మి లేచింది. గోడ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా నడిచి, నీళ్ల బిందె ఎత్తలేక దాన్ని నేల మీద జరుపుకుంటూ గదిలోకి తెచ్చింది. జరిపినప్పుడల్లా ఆగి ఊపిరి తీసుకుంది. అప్పారావు సాయం రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది. మాట రావడం లేదు. చెంబు బిందెలో ముంచి, రెండు చేతులతో పట్టుకుని, సగం ఒలికించుకుంటూ మామగారి చేతిలో పెట్టింది. పెట్టి అతని చేతి మీద నుంచి తన చెయ్యి తియ్యలేదు.

నూకరాజు ఏడ్చాడు. ఏడుస్తూనే పోశాడు. మొదటి చెంబు మట్టి అంచున, రెండోది మధ్యన, చుట్టల మీద, తరవాత లెక్క లేదు. బిందె అయిపోయింది, అప్పారావు ఇంకో బిందె తెచ్చాడు. తొట్టె కన్నంలోంచి నీళ్లు ధారగా పారి గది దాటి హాల్లోకి వచ్చాయి. ఈసారి ఎవరూ మట్టి పెట్టలేదు. ఇక చాలు అని నూకరాజే ఆపేశాడు. ఎలా తెలిసిందని భ్రమరాంబ అడిగితే, మట్టి వాసన మారిందన్నాడు.

ఆ మర్నాడు వెలుగు రేకలు రాకముందే నలుగురూ తొట్టె చుట్టూ ఉన్నారు. మొదట పై ఆకు కొస మెరిసినట్టు అనిపించింది. కాసేపటికి మెరిసిందని తెలిసింది. చుక్క లావై కిందికి సాగి నిలబడింది. రెండో ఆకున ఇంకోటి, మూడో ఆకున ఇంకోటి. భ్రమరాంబ పరీక్ష కాగితం ముక్కను చుక్కకు తాకించింది. చుక్కలో మందు ఉంటే నీలం రంగు రావడానికి పది సెకన్లు పడుతుంది. ఆరు సెకన్లకే ముదురు నీలం వచ్చింది.

నూకరాజు చెంచాలో చుక్కలు పట్టాడు. కోడలి నాలుక కింద వేసేది ఎప్పుడూ అప్పారావే. ఆ రోజు తండ్రినే వెయ్యమన్నాడు. మందు పనిచెయ్యడానికి ముప్పావు గంట పడుతుంది. ఏడూ పదికి లోవలక్ష్మి రెప్పలు పూర్తిగా తెరుచుకున్నాయి. ఏడున్నరకు అప్పారావు ఫోను చేసి అంబులెన్సు అక్కర్లేదని చెప్పాడు. చెప్పడం అయ్యాక ఆసుపత్రి సంచీలోంచి తువ్వాళ్లన్నీ తీసి బయట పెట్టాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కాని తీగ ఆగదు. రోజుకు రెండు వేళ్లు. మళ్లీ రెండు నెలలకు కప్పు అందుతుంది, మళ్లీ దించాలి. ఆ తరవాత మళ్లీ. భ్రమరాంబ నరకడం మాన్పించి, దింపుడు పద్ధతిని మిగిలిన ఇళ్లకు చెప్పడానికి నూకరాజును వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగింది. ఆమె పేజీలకు పేజీలు రాసుకుంది, వీడియోలు తీయించింది. తీగ సోలిందని చేతికి ఎలా తెలుస్తుందో మాత్రం ఏ పేజీలోనూ పట్టలేదు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అతని చెయ్యి పట్టుకుని నేర్చుకున్నారు. నెమ్మదిగా నేర్చుకున్నారు, కొన్ని తీగలు విరిచారు, కాని రెండో తీగ ఉండబట్టి ఎవరికీ ముప్పు రాలేదు. గాజువాక ఇంట్లో రెండోది ఇంకా మొలక. అందుకే నూకరాజు ఆ ఇల్లు వదిలి ఒక్క రాత్రి కూడా బయట ఉండలేదు. ప్రాణం నిలబెట్టే తీగను తయారు చేశాను అనుకుంది గాని, అది ఇంటికొక మనిషిని కట్టేస్తుందని ఆమె లెక్క వెయ్యలేదు.

ఊళ్లో తమ్ముడు తుపాను నేలలో మళ్లీ అవిశ గింజలు వేశాడట. మొక్కలు నడుం ఎత్తు దాటాయని ఫోను చేసేవాడు. నూకరాజు విని, సరేలే అని పెట్టేసేవాడు. ఎప్పుడూ ఇంట్లో ఆ మాట ఎత్తలేదు గాని, ఆ ఫోను మాటలు లోవలక్ష్మి చెవిన పడుతూనే ఉండేవి.

భాద్రపదం చివర, తీగ కొస కప్పుకు జానెడు దూరంలో ఉండగా, భ్రమరాంబను రమ్మని లోవలక్ష్మే కబురు చేసింది. ఆమె వెళ్లేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. లోవలక్ష్మి తలారా స్నానం చేసి, కొంగు బిగించి కర్ర ముందు నిలబడి ఉంది. గుమ్మంలో నూకరాజు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఈసారి తానే దించుతానని కోడలు పట్టుబట్టిందట. ప్రాణం ఎవరిదో వాళ్లే తీగను పట్టుకోవడం ఏమిటని అతను మూడు రోజులు కాదన్నాడట. చివరికి ఓడిపోయాడు. భ్రమరాంబకూ వద్దనాలనిపించింది. కాని ఆమె వద్దని అనలేదు.

పైనుంచి కిందికి ఒక్కొక్క కట్టూ విప్పింది లోవలక్ష్మి. కుట్టు విప్పే చేతులు అవి, దారం తెగకుండా విప్పడం తెలిసినవి. గాలివేళ్లను తడివేలితో నానబెట్టింది. ఒకచోట తీగ కిర్రుమంది. నూకరాజు ఒక అడుగు ముందుకు వేసి, ఆగిపోయి, చేతులు మళ్లీ వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె ఆగింది, వేలితో కణుపు తడిమింది, కాస్త కిందికి జరిపి పట్టుకుంది. తీగ భుజం మీదికి వాలింది. భ్రమరాంబ ఆ రెండు గంటల్లో ఒక్క కొలత కూడా రాసుకోలేదు. తాను చేసినదానికంటే గొప్ప పని చూస్తున్నానని ఆమెకు తెలుసు, దాని ముందు ఊరికే కూర్చోవడమే తనకు తోచిన మర్యాద.

చుట్టలు పూడ్చి, నీళ్లు పోసి, లోవలక్ష్మి ఒకచోట ఆపేసింది. ఆపి మామగారి వైపు చూసింది. అతను తల ఊపాడు. అది సరైన చోటే.

మర్నాడు తెల్లవారుజామునే చుక్క పడింది. నీలం వచ్చింది. తన చెంచాతో తానే పట్టుకుని, తానే నాలుక కింద వేసుకుని, నోరు మూసుకుని కూర్చుంది లోవలక్ష్మి. ముప్పావు గంట అయ్యాక లేచి లోపలికి వెళ్లి ఒక సంచీ తెచ్చి నూకరాజు ముందు పెట్టింది. రెండు పంచెలు, తువ్వాలు, బీపీ మాత్రలు, బస్సులో తినడానికి జంతికలు. అన్నీ ముందు రోజే సర్దిపెట్టినట్టున్నాయి.

“అవిశలు ఎదిగొచ్చీసుంటాయి మావయ్యా” అంది. “ఆకుతీగ నాటే రోజులు దాటిపోతన్నాయి. ఇంక మీరు ఊరెళ్లండి.”